ఇంటర్‌ఫెరాన్ గామా ఇచ్చాక మెలనోమా కణాల పెరుగుదల: 48 గంటలకు ఒకలా, 96 గంటలకు ఇంకోలా

ప్రశ్న:
ఏ375 అనే మనిషి మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాలకు మనిషి ఇంటర్‌ఫెరాన్ గామా (రోగనిరోధక కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్) మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు ఇస్తే 48 గంటల ఎంటీటీలో (బతికున్న కణాలను రంగుతో అంచనా వేసే పరీక్ష) తేడా దాదాపు లేదు, 96 గంటలకు రంగు బాగా పడిపోయింది. బీ16 అనే ఇంకో మెలనోమా లైన్ మీద అసలు పనిచేయలేదు. ఆర్‌పీఎంఐ మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం), 10 శాతం సీరం, ప్లేటులోని ఒక్కో వెల్‌కు (గుంటకు) 5,000 కణాలు. లోపం ఎక్కడుందండీ?

జవాబు 1:
బీ16 ఎలుక కణాలు. మనిషి ఇంటర్‌ఫెరాన్ గామా ఎలుక రిసెప్టర్‌కు (కణం మీద దాన్ని అందుకునే ప్రోటీన్‌కు) పట్టదు, ఎలుకదే వాడాలి.

ఏ375లో ఆలస్యం మామూలే. రిసెప్టర్ నుంచి సంకేతం మోసే జాక్1, జాక్2 ఎంజైమ్‌ల మీదుగా స్టాట్1 ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ చేరడానికి 15–30 నిమిషాలు చాలు. విభజన ఆగిన ప్రభావం లెక్కలో తేలాలంటే మాత్రం కంట్రోల్ (ఇంటర్‌ఫెరాన్ ఇవ్వని) కణాలు రెండు మూడు సార్లు విభజన చెందాలి. 5,000 ఎక్కువ, నాలుగో రోజుకు కంట్రోల్ వెల్ నిండిపోయి అసలు తేడా తగ్గి కనిపిస్తుంది. 1,500–2,000తో మొదలుపెట్టండి.

జవాబు 2:
96 గంటల ఫలితాన్ని అప్పుడే నమ్మకండి. ఇంటర్‌ఫెరాన్ గామా చాలా మానవ కణాల చేత ఐడీఓ ఎంజైమ్ తయారు చేయిస్తుంది, అది మీడియంలో కణాలకు అవసరమైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తినేస్తుంది. ఆర్‌పీఎంఐలో అది లీటరుకు 5 మిల్లీగ్రాములే, డీఎంఈఎం అనే మరో మీడియంలో 16. అంటే మీరు చూస్తున్నది ట్రిప్టోఫాన్ అందని ఆకలి కావచ్చు. ఒక వరుసకు ట్రిప్టోఫాన్ కలపండి, ఇంకో వరుసకు ఐడీఓను అడ్డుకునే ఎపాకాడోస్టాట్ 1 మైక్రోమోలార్ ఇవ్వండి. పెరుగుదల తిరిగి వస్తే కారణం ఐడీఓ. జాక్‌లను అడ్డుకునే రక్సోలిటినిబ్ మాత్రం ఇంటర్‌ఫెరాన్ నేరు ప్రభావాన్నీ ఈ ఆకలినీ విడదీయలేదు, ఐడీఓ కూడా జాక్ దారిలోనే వస్తుంది కాబట్టి.

ఎంటీటీ కొలిచేది జీవక్రియను, సంఖ్యను కాదు. పక్కన ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకు మాత్రమే పట్టే రంగు) లెక్క తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
మరి ఏ మార్పూ రాని మానవ కణాల లైన్‌ను ఇంటర్‌ఫెరాన్‌కు లొంగని (నిరోధక) రకం అనేయొచ్చా?

జవాబు 3:
తొందరపడొద్దు. ముందు 30 నిమిషాలకు ఫాస్ఫో-స్టాట్1 (ఫాస్ఫేట్ చేరిన స్టాట్1) బ్లాట్, 24–48 గంటలకు ఫ్లో సైటోమెట్రీలో పీడీ-ఎల్1 (కణం మీద ఉండి టీ కణాలను ఆపే ప్రోటీన్) చూడండి. రెండూ లేకపోతే రిసెప్టర్ గానీ జాక్ గానీ పోయి ఉండొచ్చు. పెంబ్రోలిజుమాబ్ (ఒక క్యాన్సర్ ఇమ్యునోథెరపీ మందు) తర్వాత తిరగబెట్టిన కొందరి మెలనోమాల్లో జాక్1, జాక్2 నష్టం 2016లోనే తేలింది. పీడీ-ఎల్1 పెరిగి విభజన ఆగకపోతే సంకేతం చేరినట్టే, అడ్డు దాని దిగువన ఉంది. అలాంటి కణాలు టీ కణాల (క్యాన్సర్‌ను చంపే రోగనిరోధక కణాల) నుంచి తప్పించుకోవడానికి అదే పీడీ-ఎల్1ను వాడుకుంటాయి.

ఇవన్నీ చేసేముందు మీ ఇంటర్‌ఫెరాన్ ప్రోటీన్‌నే అనుమానించండి: 0.1 శాతం ఆల్బుమిన్ లేకుండా పలుచన చేస్తే ట్యూబ్ గోడకే అంటుకుపోతుంది. చిన్న భాగాలుగా గడ్డకట్టించండి, ఒకసారి కరిగించింది మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.