మైలుతుత్తంలో ఉన్నది 'మైల'యేనా?

ప్రశ్న: కోనసీమలో మా తాతయ్య కొబ్బరి మొవ్వుకుళ్లు తెగులుకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి పూసేవారు. చేతులు కడుక్కునేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందుకే ఆ పేరులో మైల ఉందనుకున్నాను. నిజమేనా?

జవాబు: కాదండీ, నెమలి! తమిళంలో మయిల్, సంస్కృతంలో మయూరం. నెమలి మెడ రంగు కాబట్టి సంస్కృతంలో దీన్ని శిఖిగ్రీవం అని కూడా అన్నారు. కాపర్ సల్ఫేట్ పలుకును ఎండలో చూడండి, తెలుస్తుంది. పేరు అందమే గానీ, మింగితే వాంతులు, కిడ్నీలకు ముప్పు.

ఇంకో జవాబు: మాది ద్రాక్షతోట. కిలో తుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం, అంటే తెగుళ్ల మందు. కొడవలి ముంచితే ఎర్రగా రాగి పట్టిందా, ఇంకాస్త సున్నం పడాల్సిందే.

అడిగినవారు: తాతయ్య కూడా కొడవలి ముంచేవారు! మేం అదేదో మంత్రం అనుకునేవాళ్లం.