చదువుకు ఫీజు లేదు, పని మాత్రం తప్పదు: బెరియా కాలేజీకి అమ్మాయిని పంపొచ్చా?

కొండపల్లి_బాబాయ్
మా అన్నయ్య కూతురు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో బెరియా అని చిన్న ప్రైవేటు కాలేజీ ఉందట, దానికి అప్లై చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. పదిహేను వందల మంది పిల్లలు, ట్యూషన్ ఫీజు ఎవరి దగ్గరా తీసుకోరు. బయటి దేశాల నుంచి ఏటా కొద్దిమందికే సీటు. వాళ్ళకి మొదటి ఏడాది హాస్టలూ తిండీ కూడా కాలేజీయే చూసుకుంటుంది. కానీ చేరిన ప్రతి ఒక్కరూ వారానికి కనీసం 10 గంటలు అక్కడే పని చెయ్యాలి. వంటశాల, పొలం, హోటలు, లైబ్రరీ, చీపుర్లు కట్టడం కూడా ఉందట. చీపురు మాట వినగానే అన్నయ్య "కుదరదు" అనేసి లేచి వెళ్ళిపోయాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పల్నాటి_వాడు
మీ అన్నయ్య మాటే రైటు. పన్నెండేళ్ళు చదివించింది చీపుర్లు కట్టించడానికా? పూర్వం వారాలు చెప్పుకుని, రోజుకో ఇంట్లో అన్నం తిని చదువుకునేవాళ్ళు. ఇది కూడా ఆ వారాల చదువే, విమానం ఎక్కి వెళ్ళి చేస్తారు, అంతే తేడా.

బిట్టు_ఈసీఈ
ఆ పేరు ఎవరూ వినలేదు బ్రో. కంప్యూటర్ సైన్స్ ఉందా అసలు?

లెక్సింగ్టన్_నుంచి
ఉంది. నేను అక్కడికి గంటలోపు దూరంలో ఉంటాను, ఇంటికి చుట్టాలు వస్తే తీసుకెళ్ళి చూపిస్తుంటాను. కాస్త వివరంగా రాస్తాను.

1855లో జాన్ ఫీ అనే పాస్టరు ఒకే గదిలో బడిగా మొదలుపెట్టాడు. బానిసల్ని ఉంచుకున్న ఇంట్లో పుట్టి, బానిసత్వాన్ని వ్యతిరేకించినందుకు తండ్రికి దూరమైనవాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కన కూర్చుని చదవాలన్నది ఆయన పట్టుదల. 1859 చివర్లో చుట్టుపక్కల బానిస యజమానులు గుంపుగా వచ్చి ఫీ తోటివాళ్ళందరినీ ఊరొదిలి పొమ్మని తరిమేశారు. అంతర్యుద్ధం అయ్యాక తిరిగొచ్చి మళ్ళీ తెరిచారు. 1866లో 187 మంది చేరితే వాళ్ళలో 96 మంది నల్లజాతి పిల్లలు. బానిసత్వం పోయి ఏడాది తిరక్కముందు, దక్షిణాది రాష్ట్రంలో! అది ఎంత తెగింపో ఆలోచించండి. కాలేజీ నినాదం బైబిల్ వాక్యం: దేవుడు భూమ్మీది జనులందరినీ ఒకే రక్తంతో చేశాడని.

1892 నుంచి ట్యూషన్ లేదు. ఎలా నడుస్తోందంటే, చనిపోతూ కాలేజీకి డబ్బు రాసిచ్చిన దాతల సొమ్ము ఖర్చుపెట్టకూడదు, మూలనిధిలో వెయ్యాలి అని 1920లో ట్రస్టీలు నియమం పెట్టుకున్నారు. ఆ నిధి ఇప్పుడు వంద కోట్ల డాలర్లు దాటింది. దాని రాబడి మీద పిల్లలు చదువుకుంటున్నారు. పల్నాటి గారూ, అది ఎవరింటి వారాల అన్నమూ కాదు.

పల్నాటి_వాడు
చరిత్ర బాగుంది. చీపుర్లు కట్టిస్తారా లేదా? దానికి జవాబు చెప్పలేదు.

లెక్సింగ్టన్_నుంచి
కట్టిస్తారు. నూరేళ్ళు పైబడిన వర్క్‌షాపు అది, నేను చూశాను. జొన్న జాతిలోనే చీపుర్ల కోసం పెంచే రకం ఒకటుంది, దాని కంకుల్ని తడిపి, కర్ర చుట్టూ పేర్చి, కాలితో చక్రం తిప్పుతూ తీగ బిగించి చుడతారు. తర్వాత బల్లపరుపుగా నొక్కి రంగు దారంతో కుడతారు. ఒకమ్మాయి నా ముందే కట్టింది. తీగ వదులైతే మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ఆ చీపుర్లు కొనుక్కుని జనం గోడకి అలంకారంగా తగిలించుకుంటారు. పైగా అందరికీ అదే పని కాదు. నేతపని, ట్యూటరింగు, కంప్యూటర్ విభాగం, పొలం, బూన్ టావెర్న్ అని కాలేజీ సొంత హోటల్. మొన్న ఆ హోటల్లో మాకు మొక్కజొన్న పిండి స్పూన్‌బ్రెడ్ వడ్డించిన కుర్రాడు నర్సింగ్ చదువుతున్నాడు. పనికి గంటకింత అని డబ్బు కూడా ఇస్తారు, అది తక్కువే అనుకోండి.

ఎఫ్1_గైడ్
ఒక్క మాట. ఎఫ్-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చెయ్యొచ్చు. చట్టపరంగా ఇబ్బంది లేదు.

పల్నాటి_వాడు
చట్టం గురించి ఎవరడిగారండీ. గోడకి తగిలించినా చీపురు చీపురే.

బందరు_కాలవ
1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి గార్లు పెట్టిన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతో పాటు నేతా వడ్రంగమూ నేర్పేవారు. అప్పుడు దాన్ని దేశసేవ అన్నాం. ఇప్పుడు చిన్నతనమా?

ఓరుగల్లు_పంతులమ్మ
లెక్సింగ్టన్ సార్, మీరు 1866 చెప్పి 1892కి దుంకిన్రు, ఆడికెళ్ళి సీదా ఇయ్యాలకొచ్చిన్రు. నడుమ జరిగింది నేను చెప్త.

1892ల వచ్చిన కాలేజీ ప్రెసిడెంటు ఫ్రాస్ట్, అపలాచియన్ కొండలల్ల ఉండే పేద తెల్లోళ్ళ మీద దృష్టి పెట్టిండు. వాళ్ళ పేరు చెప్తే ఉత్తరాది దాతలు పైసలిస్తరు గదా. నల్లజాతి పిల్లలు సగం ఉన్న కాలేజీల వాళ్ళ వాటా తగ్గుకుంట వచ్చింది. 1904ల కెంటకీ సర్కారు డే చట్టం తెచ్చింది. ప్రైవేటు కాలేజైనా సరే, నల్లోళ్ళను తెల్లోళ్ళను ఒక్కకాడ చదివిస్తే జుర్మానా. ఆ రాష్ట్రంల అట్ల కలిపి చదివించే కాలేజీ ఇదొక్కటే, అంటే దీన్ని ఆపనీకే తెచ్చిన చట్టం. గప్పుడు క్యాంపస్ ఇడిచిపోయింది ఎవరు? నల్లపిల్లలే. తెల్లపిల్లలు ఆడనే ఉన్నరు. నల్లజాతి చరిత్రను ఒక శాస్త్రం లెక్క నిలబెట్టిన కార్టర్ వుడ్సన్ ఆ కాలేజీల పట్టా తీసుకున్నది 1903ల. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఆయన్ని గూడ బయటికి పంపేటోళ్ళు.

లెక్సింగ్టన్_నుంచి
మేడమ్, ఆ చట్టం మీద కాలేజీ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1908లో ఓడిపోయింది. జస్టిస్ హార్లన్ గట్టిగా అసమ్మతి రాశారు. తర్వాత నల్లజాతి పిల్లల కోసం లూయీవిల్ దగ్గర లింకన్ ఇన్‌స్టిట్యూట్ కట్టడానికి విరాళాలు పోగుచేసి 1912లో తెరిచారు. 1950లో చట్టం సడలించగానే బెరియా వాళ్ళకి మళ్ళీ తలుపులు తెరిచింది. ఇంతకంటే ఏం చెయ్యాలి?

ఓరుగల్లు_పంతులమ్మ
కొట్లాడలేదు అని నేనన్నానా? ఎవరో ఒకరు బయటికి పోవాలె అన్నప్పుడు ఎవర్ని పంపిన్రు అని అడిగిన. వేరే బడి కట్టిచ్చుడు, మీరు దూరంగ కూసోన్రి అనుడు, మా తాతలకు తెల్వని సంగతా?

బిట్టు_ఈసీఈ
టాపిక్ ఎటో పోతోంది. ప్లేస్‌మెంట్స్ గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పల్నాటి_వాడు
నేను చెప్పేదీ అదే టీచరమ్మా. దాత డబ్బు ఉన్నచోట దాత మాటే చెల్లుతుంది. లెక్సింగ్టన్ గారికి అది అర్థం కాదు, ఆదివారం కారేసుకెళ్ళి పేదపిల్లలు వడ్డిస్తే తిని వచ్చే మనిషి.

లెక్సింగ్టన్_నుంచి
నోరు అదుపులో పెట్టుకోండి. నా గురించి మీకేం తెలుసు? మా బ్యాచ్‌కి ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి రాలేదని మా ఇంజనీరింగ్ కాలేజీ సర్టిఫికెట్లు ఆపేసింది. ఉద్యోగం వచ్చి, చేరాల్సిన తేదీ దగ్గర పడుతుంటే మా నాన్న ఆ ఆఫీసు కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి అరెకరం తాకట్టు పెట్టి కట్టాం. "ఫీజెప్పుడు?" అని అడగని కాలేజీ ఎంత గొప్పదో ఆ కిటికీ దగ్గర నిలబడ్డవాడికి తెలుస్తుంది. మీరు రెండ్రోజులుగా చీపురు దగ్గరే ఆగిపోయారు.

పల్నాటి_వాడు
నేనూ చెప్తాను, వినండి. ఒక ట్రస్టు హాస్టల్లో ఉచితంగా ఉండి పదో తరగతి దాకా చదివాను. తెల్లారుజామున లేచి వాకిళ్ళు ఊడ్చేవాళ్ళం. ట్రస్టు పెద్దల పిల్లలు అదే బడిలో మా తరగతిలోనే ఉండేవాళ్ళు, వాళ్ళు ఏనాడూ ఊడవలేదు. ఏటా వార్షికోత్సవానికి మమ్మల్ని స్టేజీ మీద వరసగా నిలబెట్టేవాళ్ళు. దాతల పేరు చెప్పి దండం పెట్టాలి. నేను ఊడ్చిన ఊడ్పుకి ఎవరూ ఎప్పుడూ దండం పెట్టలేదు. నాకు పని మీద కోపం లేదయ్యా. ఈరోజుకీ పొలంలో దిగుతాను. పని చేసి కూడా దానం పుచ్చుకున్నవాడిలా తల వంచుకోవడం మీదే నా కోపమంతా.

లెక్సింగ్టన్_నుంచి
అలాంటప్పుడు బెరియాని మెచ్చుకోవాల్సింది మీరే. అక్కడ ఊడ్చేవాళ్ళు, ఊడవనివాళ్ళు అని రెండు రకాలు లేరు. అందరూ చేస్తారు.

పల్నాటి_వాడు
ఆ అందరూ ఎవరు? ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లల్నే తీసుకుంటారని వాళ్ళే చెప్పుకుంటారు. ఉన్నవాడి పిల్ల వేరే ఖరీదైన కాలేజీలో చదువొక్కటే చూసుకుంటుంది. అందరూ పని చేస్తారంటే పేదలందరూ చేస్తారని, అంతేగా!

మోడరేటర్
వ్యక్తిగత దూషణలున్న రెండు వ్యాఖ్యలు తీసేశాం. విషయం మీద మాట్లాడుకోండి.

కొండపల్లి_బాబాయ్
ఇదంతా అన్నయ్యకి చదివి వినిపించాను. అసలు మాట అప్పుడు బయటపడింది. మా అమ్మ నాలుగిళ్ళలో పాచిపని చేసి మమ్మల్ని పెంచింది. "అమ్మ చేతిలోంచి ఆ చీపురు దింపడానికి నేను ఇరవయ్యేళ్ళు షిఫ్టులు చేశాను, మళ్ళీ నా కూతురి చేతికా?" అన్నాడు. అమ్మాయి ఊరుకోలేదు. "నానమ్మ పని తప్పా, ఆవిడకి సరిగ్గా డబ్బివ్వకపోవడం తప్పా?" అంది. ఇద్దరికీ మాటల్లేవు ప్రస్తుతం.

లెక్సింగ్టన్_నుంచి
మీ అన్నయ్యగారికి నా నమస్కారాలు. ఒక సంగతి చెప్పండి. అక్కడ మార్కుల జాబితాతో పాటు చేసిన పనికీ వేరుగా రికార్డు ఇస్తారు, ఏ విభాగంలో ఎన్ని గంటలు, పై అధికారి ఏమన్నారు అని. మీ అమ్మగారి పనిని ఎవరూ కాగితం మీద రాయలేదు.

ఓరుగల్లు_పంతులమ్మ
పల్నాటి అన్న అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. నేను సర్కారు బడిల చెప్త. గది ఊడ్వాలె అంటే చీపురు ఎవరి చేతికి పోతదో దినాం చూస్తున్న. వంతులు రాసి గోడకు అతికించిన. ఊళ్ళె పెద్దోళ్ళు లొల్లి జేసిన్రు, "మా పిల్లతోని ఊడిపిస్తవా" అని. నేను తియ్యలే, ఆ కాయితం ఇంక అట్లనే ఉన్నది. ఉన్నోళ్ళ పిల్లలు గూడ వంతు పట్టినప్పుడే చీపురుకు సిగ్గు పోతది. జాన్ ఫీ మొదలు జేసింది గూడ గదే గదా, ఇద్దర్నీ పక్కపక్కన కూసోవెట్టుడు. ఇప్పుడు బెరియా పైసలున్నోళ్ళను రానిస్తలేదు. పేదోళ్ళు పేదోళ్ళతోనే ఊడుస్తరు.

లెక్సింగ్టన్_నుంచి
రానిస్తే ఏమవుతుందో చూడండి మేడమ్. ఉన్నవి పదిహేను వందల సీట్లు. ఉన్నవాడికి వంద ఇస్తే లేనివాళ్ళు వంద మంది గేటు బయటే ఉండిపోతారు. ఉన్నవాడి పిల్లకి పని విలువ నేర్పడం కోసం లేనివాడి సీటు తీసెయ్యమంటారా? ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. ఉన్నవాళ్ళకి నేర్పాలంటే వాళ్ళ ఖరీదైన కాలేజీల్లో వాళ్ళతోనే చేయించండి.

ఓరుగల్లు_పంతులమ్మ
చేయిస్తరా మరి? నూట ముప్పై ఏండ్లసంది బెరియాను జూసి ఏ శ్రీమంతుల కాలేజీ నేర్చుకున్నదో చెప్పున్రి.

లెక్సింగ్టన్_నుంచి
అది వాళ్ళ తప్పు. దానికి బెరియా సీట్లు ఎందుకు తగ్గాలి?

పల్నాటి_వాడు
కొండపల్లి గారూ, వీళ్ళది ఇప్పట్లో తెగదు. నా అభిప్రాయం మారలేదు. ఒకవేళ అమ్మాయి వెళ్ళేట్టయితే రెండు విషయాలు ముందే మెయిల్ పెట్టి అడగమనండి. మొదటి ఏడాది ఏ విభాగంలో వేస్తారో, తర్వాత మార్చుకునే వీలుందో. దాతల సభలకి పిల్లల్ని పిలిచి మాట్లాడిస్తారో లేదో. రెండోదానికి అవునంటే "నేను రాను" అని చెప్పే హక్కు ఉందా అని కూడా అడగాలి.

కొండపల్లి_బాబాయ్
రెండోది అన్నయ్యే స్వయంగా రాయమన్నాడు, తన పేరు పెట్టి. ఈ రాత్రికి పంపుతున్నాం.

బిట్టు_ఈసీఈ
ప్లేస్‌మెంట్స్ కూడా అడగండి బాబాయ్.