జిమ్నీ స్వే బార్‌కి లేతులో డిస్‌కనెక్ట్ లింకులు చేయించాలనుకుంటున్నా, సలహా చెప్పండి

గెడ్డదారి, రాయగడ:

అందరికీ నమస్కారం. నాది 2023 మారుతి జిమ్నీ, మాన్యువల్. టైర్లు కంపెనీవే, 195/80 ఆర్15. సస్పెన్షన్‌లో ఇంతవరకు ఏదీ మార్చలేదు.

మా జీడితోట బిస్సంకటక్ వైపు ఉంది. తారు రోడ్డు దిగాక 6 కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి, చివర్లో ఒక గెడ్డ (వాగు) దాటాలి. ఇబ్బందంతా ఆ గెడ్డ దిగే చోటే. దారికి అడ్డంగా రెండు బండలున్నాయి. ముందు ఎడమ చక్రం ఒక బండ ఎక్కేసరికి వెనక కుడి చక్రం రెండో దాని మీద ఉంటుంది. మిగతా రెండు చక్రాలూ గాల్లో తేలిపోతాయి. 4ఎల్‌లో (నాలుగు చక్రాలకీ లో గేరు) ఉన్నా ఆ తేలినవే గిరగిరా తిరుగుతాయి. కాసేపటికి బండి వాటికి తనంతట తనే బ్రేకు పట్టి ముందుకు లాగుతుంది, కాదనను. కానీ ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. నాన్నకు 71 ఏళ్లు, నడుము నొప్పి ఉంది. జీడిపిక్కలు ఏరే రోజుల్లో వారానికి మూడుసార్లు తోటకు రాకుండా ఉండలేరు. గెడ్డ దగ్గర దిగి నడిచి వస్తానంటారు, తడి రాళ్ల మీద ఆయన్ని నడిపించడానికి నాకే భయం.

ముందు స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు ఊడదీస్తే యాక్సిల్ బాగా వంగి చక్రాలు నేలను వదలవని చదివాను. రెడీమేడ్‌గా దొరికేవి ఖరీదు ఎక్కువ. ఇక్కడ బస్టాండు వెనక లేతు షాపాయన డ్రాయింగ్ ఇస్తే చేసిస్తానన్నారు. పిన్ను ఎంత మందం ఉండాలి? ఏ స్టీలు వాడాలి? ఒక పక్క లింకు తీస్తే చాలా, రెండూ తీయాలా? చేయించుకుని వాడుతున్నవాళ్లు ఉంటే చెప్పండి.

పర్లాకిమిడి థార్:

తమ్ముడూ, నాది 2021 మహీంద్రా థార్. దీనికి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, డబుల్ విష్‌బోన్, అంటే ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. నేనూ ముందు లింకులు తీసి మహేంద్రగిరి వైపు అడవి దారిలో తిప్పి చూశాను, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. జిమ్నీకి ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే (రెండు చక్రాలకీ ఒకే ఇరుసు) కాబట్టి నీకు పనికొస్తుంది. అయినా దీనికి లేతూ డ్రాయింగూ ఎందుకు? గెడ్డ ముందు స్పానర్‌తో బోల్టు విప్పు, దాటాక బిగించు. పావుగంట పని.

సెమిలిగుడ ఫిట్టర్:

బాబూ, నేను సునాబెడ ఫ్యాక్టరీలో 31 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. నా జిమ్నీకి ఈ లింకులు రెండుసార్లు చేసుకున్నాను. మొదటి జత ఎందుకు పారేశానో చెబితే నీకు ఎక్కువ ఉపయోగం.

ఆ జతకి కన్నాలు రీమర్‌తో కచ్చితమైన సైజుకి నునుపు చేసి, 12 మి.మీ. పిన్ను నూనె రాస్తే గాని జారనంత బిగువుగా చేశాను. బెంచీ మీద పెట్టి చూస్తే ముచ్చటేసింది. జులైలో దేవమాలి కింద ఊళ్ల వైపు వెళ్లినప్పుడు 5 నిమిషాల్లో ఊడదీశాను. యాక్సిల్ హాయిగా వంగింది, పనయింది. తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. ఆగిన చోటు ఏటవాలు. కన్నాల నిండా ఎర్రమట్టి. బార్ కన్నూ లింకు కన్నమూ ఒక వేలు తేడాలో ఉండిపోయాయి, ఎంత నెట్టినా కలవలేదు. గంటసేపు బురదలో పడుకుని చూశాను. చీకటి పడుతోంది, సాలూరులో మా వదినను ఆసుపత్రిలో చేర్చారని అప్పటికే ఫోన్ వచ్చింది. బార్‌ని తాడుతో పైకి కట్టేసి, అలాగే సుంకి ఘాట్ దిగిపోయాను.

ఘాట్‌లో ఒక మలుపు దగ్గర లోడు లారీ నా వైపుకి వచ్చేసింది. ఎడమకు కోసి, వెంటనే మళ్లీ కుడికి తిప్పాను. మొదటి తిప్పుకి బండి తట్టుకుంది. రెండో తిప్పుకి ఎడమ పక్కకి ఎంత ఒరిగిందంటే, పక్క సీట్లో ఉన్న నా భార్య తల అద్దానికి తగిలింది. వాపుతో పోయింది, దేవుడి దయ. తప్పు లారీది కాదు. బార్ ఉంటే ఆ ఒరుగు సగం కూడా ఉండేది కాదని నాకు తెలుసు, తెలిసే దిగాను. మర్నాడు ఆ జత పక్కన పడేశాను.

అందుకే చెబుతున్నాను, ఊడదీయడం గురించి ఆలోచించి డ్రాయింగ్ వేయకు. వానలో, చీకట్లో, బురద చేతులతో, ఒక్కడివే ఉన్నప్పుడు తిరిగి ఎలా తగిలిస్తావో అక్కణ్నుంచి మొదలుపెట్టు. థార్ తమ్ముడు చెప్పిన స్పానర్ పద్ధతి ఒకసారి పరీక్షకు బాగుంటుంది. వారానికి మూడుసార్లంటే నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) పట్టు పోతుంది, బోల్టు మరలు అరుగుతాయి. అన్నిటికీ మించి, నాలుగోసారికి బద్ధకం వస్తుంది. రోడ్డు మీద బార్ లేకుండా తిరగడం ఆ బద్ధకంతోనే మొదలవుతుంది.

బార్ చేసే పని నీకు అర్థమైతే డ్రాయింగ్ తేలిక. అది రెండు చక్రాల మధ్య మెలి తిరిగే స్ప్రింగు. రెండు చక్రాలూ కలిసి పైకి లేస్తే అది ఊరికే తిరుగుతుంది, బరువేమీ మోయదు. ఒకటి లేచి రెండోది దిగితేనే మెలి తిరిగి అడ్డుకుంటుంది. మలుపులో మనకు కావలసింది ఆ అడ్డే, బండ మీద మనకు శత్రువూ అదే. అంటే లింకు మీద ఒకసారి లాగుడు, ఒకసారి నెట్టుడు, మార్చి మార్చి వస్తుంటాయి. పిన్ను ఒక పక్కనే పట్టుకుని వేలాడితే నాలుగు నెలల్లో వంగుతుంది. అందుకని లింకు పై కొసను యూ ఆకారంలో చేయించు, బార్ చివర కన్ను ఆ రెండు రేకుల మధ్యకి రావాలి. పిన్ను అటూ ఇటూ రేకుల్లోంచి పోతుంది కాబట్టి తెగాలంటే రెండు చోట్ల తెగాలి. రేకులు 6 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) చాలు. పిన్ను ఈఎన్8 (గట్టి కార్బన్ స్టీలు) రాడ్డులోంచి తిప్పించు. బోల్టునే పిన్నుగా వాడితే 8.8 గ్రేడుది తీసుకో, మర లేని నున్నటి భాగమే రేకుల మధ్య ఉండాలి. ఈఎన్8 ముక్కకి వెల్డింగ్ పెట్టనివ్వకు, చల్లారేటప్పుడు పగుళ్లు వస్తాయి. వెల్డింగంతా ఎంఎస్ ముక్కలకే.

బార్ మీద మాత్రం వెల్డింగ్ చుక్క కూడా పడకూడదు. అది స్ప్రింగు స్టీలు, వేడి తగిలిన చోట పెళుసెక్కి ఒకరోజు విరుగుతుంది. బార్ కన్నం పెద్దది చేయించడమూ వద్దు. కన్నం ఎంతుందో కొలిచి దానికి తగ్గ పిన్ను తిప్పించుకో.

ఇప్పుడు నా రెండో జత సంగతి. పిన్ను కన్నం కంటే 0.3 మి.మీ. సన్నం. కొస 15 మి.మీ. మేర కోనులాగా తిప్పించాను. కన్నాలు కాస్త తేడాగా ఉన్నా ఆ ముక్కు దూరితే చాలు, సుత్తి పిడితో రెండు దెబ్బలు వేస్తే లోపలికి లాక్కుంటుంది. రోడ్డు మీద కొంచెం టకటక చప్పుడు వస్తుంది, నేను పట్టించుకోను. చివర ట్రాక్టరు వాళ్ల లించ్ పిన్ను వేశాను. ఆర్ ఆకారపు తీగ క్లిప్పు వద్దు, తుప్పల్లో ఏదో కొమ్మ పట్టి లాగేస్తుంది. లించ్ పిన్ను రింగు గట్టిగా పట్టి ఉంటుంది, చేతి తొడుగులతో కూడా తీయొచ్చు.

కింది కొసలో రబ్బరు బుష్ తప్పనిసరి. యాక్సిల్ వంగినప్పుడు లింకు పక్కకి కూడా ఒరుగుతుంది. రెండు కొసలూ గట్టి ఇనుమైతే బ్రాకెట్ చీలుతుంది. ఇనుప స్లీవు ఉన్న షాక్ అబ్జార్బర్ బుష్ ఒకటి తెచ్చి దానికి తగ్గ పైపు ముక్కలో నొక్కించు. పైపుకి వెల్డింగ్ అయ్యాకే బుష్ దూర్చాలి. చాలామంది ముందే దూర్చేసి రబ్బరు కాల్చేస్తారు.

పొడవు నన్ను అడగకు. నా బండి 2 అంగుళాలు లేపి ఉంది, నా కొలత నీకు పనికిరాదు. బండిని చదును నేల మీద నిలబెట్టి, కంపెనీ లింకు కన్నం మధ్య నుంచి కన్నం మధ్యకి కొలువు. రెండు లింకుల మధ్య 1 మి.మీ. కంటే తేడా ఉండకూడదు, ఉంటే బండి ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది. కంపెనీ లింకుల్ని కోసి వీటికి వాడుకోకు, అవి దాచుకో.

ఒక పక్క తీసినా బార్ పని చేయడం మానేస్తుంది, అది నిజమే. కానీ రెండో కొస ఇంకా యాక్సిల్‌తోనే ఊగుతుంది కాబట్టి ఊడిన కొస కూడా ఊగుతూ బ్రేకు గొట్టానికో, టైరుకో, స్టీరింగ్ రాడ్డుకో తగులుతుంది. రెండూ తీసి, బార్‌ని పైకి లేపి కట్టాలి. దానికి ఛాసిస్‌కి ఒక కొక్కెం ముందే పెట్టించుకో.

ఇవన్నీ చేయించే ముందు ఒక ఆదివారం కంపెనీ లింకులు స్పానర్‌తో తీసి గెడ్డ దాకా మెల్లగా వెళ్లి చూడు. తేడా రెండు వేళ్లే అయితే డబ్బు దండగ. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు బిగిసిపోతున్నాయేమో, స్ప్రింగు కింది గిన్నెలోంచి కదులుతోందేమో పక్కన ఇంకొకరిని కూచోబెట్టి చూపించుకో. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించి కూడా ఒకసారి దాటు. బండ ఎక్కేటప్పటి కుదుపు సగం అక్కడే పోతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉండాలి.

బరంపురం నుంచి:

మేస్త్రి గారు అంతా చెప్పారు. ఒక్క మాట కలుపుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌ను మార్చడానికి ఒప్పుకోదు. బండి వారంటీలో ఉంటే సస్పెన్షన్ ఫిర్యాదుకి వెళ్లేటప్పుడు కంపెనీ లింకులు బిగించుకుని వెళ్లండి. జీప్ రాంగ్లర్ రూబికాన్‌కి ఇది కంపెనీ నుంచే వస్తుంది. బటన్ నొక్కితే ముందు బార్ విడిపోతుంది, వేగం గంటకు 29 కిలోమీటర్లు దాటితే తనే కలుస్తుంది. మన చేతి పనికి ఆ రెండో సగం ఉండదు, అదే తేడా.

గెడ్డదారి, రాయగడ:

మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే ఆదివారం పరీక్షించాను. తమ్ముణ్ని గెడ్డలో కూచోబెట్టాను. బార్ ఉన్నప్పుడు కుడి ముందు చక్రం నేలకి 4 అంగుళాల పైన తేలింది. లింకులు తీశాక నేలను ఆనుకునే ఉంది, కొంచెం బరువు కూడా పట్టింది. వెనకది ఇంకా కాస్త తేలుతోంది గానీ మునుపటిలా ఎగిరి పడలేదు. బ్రేకు గొట్టానికి వదులు ఉంది. ఏబీఎస్ వైరు మాత్రం ఒక క్లిప్పు దగ్గర తీగలా బిగిసింది. స్ప్రింగు కదల్లేదు.

18 పీఎస్‌ఐ సంగతి కూడా నిజం. నాన్న ఎక్కి కూర్చున్నారు, దాటాక ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమంటే బాగుందనే.

రోడ్డెక్కే ముందు మర్చిపోతానేమోనన్న టెన్షన్ ఒక్కటే మిగిలింది. సుంకి ఘాట్ సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

సెమిలిగుడ ఫిట్టర్:

4 అంగుళాలంటే చేయించుకోదగ్గదే. ఆ వైరుని ఒక్క క్లిప్పులోంచి తప్పించి, వదులు వచ్చేలా పైన ఇంకోచోట ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరుకి తగలట్లేదని చూసుకో.

మర్చిపోవడానికి నేను చేసేది ఇది. పిన్నులు ఊడదీయగానే రెండింటినీ ఎర్రగుడ్డ సంచిలో వేసి స్టీరింగ్‌కి కట్టేస్తాను. జేబులో పెట్టను, డాష్‌బోర్డులో పెట్టను. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ సంచి చేతికి తగులుతుంది. నీ దారిలో తిరిగి తగిలించడానికి చదునైన చోటు ఒకటి ఇప్పుడే ఎంచుకుని పెట్టుకో, గెడ్డ గట్టు మీద మాత్రం ప్రయత్నించకు. చదును మీద కూడా కన్నాలు కలవకపోతే, ఎవరైనా ముందు బంపరు మీద కూచుని రెండుసార్లు ఊగితే కలుస్తాయి. ఒక్కడివే ఉంటే రెండు అడుగులు వెనక్కి తోలి ఆపు.

గెడ్డదారి, రాయగడ:

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. లింకులు తయారయ్యాయి. లేతు షాపాయన బుష్ ముందే దూర్చబోతుంటే ఆపాను. లించ్ పిన్నులు ఇక్కడ సరైన సైజు దొరకలేదు, పార్వతీపురంలో ట్రాక్టరు స్పేర్ల షాపులో దొరికాయి. నాలుగు తెచ్చాను, రెండు స్పేరు.

చదునైన చోటు కూడా దొరికింది, తారు రోడ్డుకి కాస్త ఇవతల చింతచెట్టు కింద. నిన్న తోట నుంచి వస్తూ అక్కడ ఆపాను. ఎడమ పిన్ను ఒక్క దెబ్బకి దూరింది. కుడిది దూరలేదు. నేను అడగకముందే నాన్న దిగి, ఎర్రసంచి చేత్తో పట్టుకుని వచ్చి బంపరు మీద కూచున్నారు.

కుడి పక్క బుష్ పైపులోంచి ఒక వైపు 2 మి.మీ. బయటికి జరిగినట్టు కనబడుతోంది. మళ్లీ నొక్కించాలా, లేక పైపుకి అంచు పెట్టించాలా మేస్త్రి గారూ?

సెమిలిగుడ ఫిట్టర్:

పైపు లోపలి సైజు ఎక్కువైంది. నొక్కించినా మళ్లీ జరుగుతుంది. అంచు పెట్టాలంటే వెల్డింగ్, వెల్డింగంటే బుష్ కాలుతుంది. బుష్ బయటికి తీయించి, పైపు కొత్తది తిప్పించు, బుష్ బయటి కొలత కంటే అర మి.మీ. తక్కువగా. వైసులో పెట్టి సబ్బునీళ్లు రాసి నొక్కితే వెళ్తుంది. అది అయ్యేదాకా కంపెనీ లింకులతో తిరుగు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.