పెద్ద సెన్సార్ రంగులు నిజంగానే వేరా, నా కళ్లకే అలా కనిపిస్తోందా?

నీడలవేట:
మూడేళ్లుగా ఫ్యూజీ ఎక్స్-ఎస్10 వాడుతున్నాను. రా ఫైళ్ల (కెమెరా వండని ముడి ఫైళ్లు) జోలికి పెద్దగా పోను, కూర్చుని ఎడిట్ చేసే ఓపిక లేదు, క్లాసిక్ నెగటివ్ (పాత ఫిల్మ్ రంగుల్ని అనుకరించే ఫ్యూజీ ఫిల్మ్ సిమ్యులేషన్) పెట్టుకుని, కెమెరాయే తయారుచేసిచ్చే జేపెగ్ తీసుకోవడం, అంతే. ఇప్పుడు రెండు రోజుల కోసం ఫ్యూజీదే పెద్ద సెన్సార్ (మీడియం ఫార్మాట్) కెమెరా జీఎఫ్‌ఎక్స్100ఎస్ అద్దెకి తెచ్చాను, రేపు సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. ఇవాళ పొద్దున కిటికీ పక్కన మా చెల్లిని కూర్చోబెట్టి రెండు కెమెరాలతోనూ తీశాను. రెండింట్లోనూ క్లాసిక్ నెగటివే. పెద్దదాంట్లో చెంప మీది వెలుతురు దవడ కింది నీడలోకి ఎక్కడ మారిందో తెలియనంత మెల్లగా దిగింది, మెడ దగ్గర చీకట్లో కూడా చర్మం చర్మంలాగే ఉంది. నా దాంట్లో అదే చోట కాస్త ఆకుపచ్చ కొడుతూ, బురద పూసినట్టు మచ్చలు మచ్చలుగా వచ్చింది.

అడిగేది ఒకటే. ఈ మీడియం ఫార్మాట్ రంగు అనేది నిజంగా సెన్సార్‌లోంచే వస్తుందా? 16 బిట్ (ఒక్కో రంగుకి ఎన్ని మెట్లు నమోదవుతాయన్న లెక్క) వల్ల అని కొందరు, పిక్సెల్ పెద్దది కాబట్టి అని ఇంకొందరు అంటారు. ఉన్న సామానంతా అమ్మేసి అటు దూకేయాలని చెయ్యి దురద పెడుతోంది. ఎవరైనా ఆపండి, లేదా తోసేయండి.

ఐదువేలకెల్విన్:
ముందు ఒక మాట అడుగుతాను, రెండింట్లోనూ ఆటో వైట్ బ్యాలెన్సే (వెలుతురు రంగుని కెమెరాయే అంచనా వేసి సరిచేయడం) కదా? అయితే మీరు పోల్చింది సెన్సార్లని కాదు, రెండు కెమెరాల అంచనాలని. సెన్సార్‌కి అసలు రంగు తెలీదండీ. ఎంత వెలుతురు పడిందో మాత్రమే లెక్కపెడుతుంది. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉంటాయి, ఆ లెక్కల్ని రంగులుగా మార్చేది తర్వాత జరిగే ప్రాసెసింగ్, ఫిల్మ్ సిమ్యులేషన్ ఆ ప్రాసెసింగ్‌లో చివరి వంట. మీ ఎక్స్-ఎస్10లో ఫిల్టర్ల అమరిక ఎక్స్-ట్రాన్స్, జీఎఫ్‌ఎక్స్‌లో మామూలు బేయర్, కానీ మీరు చెప్పే ఆకుపచ్చకీ దానికీ సంబంధం ఉందని నేననుకోను.

ఇంకోటి, ఫిల్మ్ లుక్ కావాలంటూనే అందరూ ఆటో వైట్ బ్యాలెన్స్ పెడతారు, నాకు అదెప్పుడూ వింతే. డేలైట్ ఫిల్మ్ సుమారు 5500 కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే లెక్క) వెలుతురుకి తయారైంది, బల్బు కింద తీస్తే నారింజగా వస్తుంది, మబ్బు పడితే నీలంగా వస్తుంది, ఆ మొండితనమే సగం అందం. ఆటో పెట్టారంటే ప్రతి ఫ్రేముకీ కెమెరా ఆ మొండితనాన్ని తుడిచేస్తూ ఉంటుంది. రెండు కెమెరాల్లోనూ 5500 దగ్గర బిగించేసి మళ్లీ తీయండి. మధ్యలో ఎక్కువ టైం తీసుకోకండి, కిటికీ బయట చెట్టు గానీ ఉంటే ఎండ తిరిగేకొద్దీ ఆకుల మీంచి వచ్చే పచ్చదనం కూడా ముఖం మీద మారిపోతుంది.

సగంస్టాప్:
పైన చెప్పిన దాంతో ముప్పావు వంతు ఒప్పుకుంటాను. ఆకుపచ్చ సంగతి వైట్ బ్యాలెన్స్ అయ్యుండొచ్చు, కానీ మచ్చలు మచ్చలుగా బురద అన్నారే, అది వైట్ బ్యాలెన్స్ కాదు. అది నాయిస్, అంటే వెలుతురు చాలక లేచే చుక్కలు. ఇక్కడ సైజు లెక్కలోకి వస్తుంది.

ముందు పిక్సెల్ పెద్దది అన్న మాట తీసి పక్కన పెట్టండి. మీ 26 మెగాపిక్సెల్ కెమెరాలోనూ ఆ 102 మెగాపిక్సెల్ దాంట్లోనూ పిక్సెల్ సైజు ఒకటే, సుమారు 3.76 మైక్రాన్లు! మీ సెన్సార్లు నాలుగు తెచ్చి పక్కపక్కన అతికిస్తే దాదాపు అదే. 43.8 × 32.9 మి.మీ. అంటే వైశాల్యంలో మీ కెమెరాలోని ఏపీఎస్-సీ సైజు సెన్సార్‌కి నాలుగింతలు. అదే అపర్చర్, అదే షట్టర్ స్పీడుతో తీసినా మొత్తంగా నాలుగింతల వెలుతురు, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు). రెండు ఫొటోల్నీ ఒకే సైజుకి తగ్గించి చూస్తే నీడల్లో ఆ తేడా కనపడకుండా ఎలా ఉంటుంది? వెలుతురు తక్కువైనప్పుడు రంగు నాయిస్ వస్తుంది, దాన్ని తుడవడానికి కెమెరా నాయిస్ రిడక్షన్ రుద్దుతుంది, రుద్దితే చర్మం బురదవుతుంది.

అయితే ఇదే లెక్క ఫుల్ ఫ్రేమ్‌తో వేస్తే అంత సంబరం ఉండదు. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36 × 24 మి.మీ., దాంతో పోలిస్తే 1.7 రెట్ల లోపే, ముప్పావు స్టాపు కూడా రాదు. పైగా ఆ కెమెరాకి పెట్టే జీఎఫ్ 80 మి.మీ. ఎఫ్ 1.7 లెన్స్ ఇచ్చే బ్లర్, ఫుల్ ఫ్రేమ్ మీద 63 ఎఫ్ 1.3 లాంటిది, 85 ఎఫ్ 1.4 ఉన్నవాడు ఎవరినీ చూసి కుళ్లుకోనక్కర్లేదు. అసలు మీడియం ఫార్మాట్ అన్న పేరు కూడా కొంచెం ఉదారంగా ఇచ్చేశారు. ఫిల్మ్ రోజుల్లో ఆ కుటుంబంలో చిన్నదైన 645 ఫ్రేమే 56 × 41.5, దానికి దగ్గరగా వచ్చేది ఫేజ్ వన్ 53.4 × 40 సెన్సార్.

16 బిట్ సంగతా, మీరు జేపెగ్ మనిషి. జేపెగ్ అంటేనే 8 బిట్, ఒక్కో ఛానెల్‌కి 256 మెట్లు. లోపల 16,384 మెట్లున్నా 65,536 ఉన్నా చివరికి మీ చేతికొచ్చేది ఆ 256.

సరే, నాకో అనుమానం. రెండు ఫొటోల ఐఎస్‌ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె), డీఆర్ (డైనమిక్ రేంజ్) సెట్టింగ్ చూసి చెప్తారా?

రాఫైల్‌రాజు:
సెన్సార్ చర్చ మీరు కానివ్వండి, నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను, పనికొస్తుంది. ఇలాగే అద్దెకి తెచ్చిన వంద మెగాపిక్సెల్ కెమెరాతో ఎర్ర మందారాలు తీశాను, రా ఫైళ్లే, కానీ స్క్రీన్ మీద బాగుంటుందని రంగులు ముదురుగా చూపించే వెల్వియా సిమ్యులేషన్ పెట్టుకున్నాను. హిస్టోగ్రామ్‌లో (వెలుతురు ఎంత పడిందో చూపించే గ్రాఫ్) ఎరుపు కుడిగోడకి గుద్దుకుంటోంది. భయపడి తగ్గించుకుంటూ పోయాను, స్టాపున్నర దాకా. ఇంటికొచ్చి తెరిస్తే రా ఫైల్లో ఎరుపు ఎక్కడా పగల్లేదు, ఇంకా బోలెడు జాగా ఉంది. ఆ హిస్టోగ్రామ్ చూపించేది జేపెగ్‌ని, అంటే వెల్వియా పూసిన బొమ్మని. అంత పెద్ద సెన్సార్‌ని అద్దెకి తెచ్చి దానికి వెలుతురు పెట్టకుండా పస్తులుంచానన్నమాట. అప్పట్నుంచి రా ఫైళ్లు తీసేటప్పుడు ప్రో నెగ్ స్టాండర్డ్ సిమ్యులేషన్ పెట్టి, హైలైట్, షాడో రెండూ తగ్గించి చూసుకుంటాను. బొమ్మ సప్పగా ఉంటుంది, హిస్టోగ్రామ్ మాత్రం నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఒకవేళ కొంటే, కంప్రెస్ చేయని 16 బిట్ రా ఫైల్ ఒక్కోటి 200 ఎంబీ దాటుతుంది. హార్డ్ డిస్క్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి.

నీడలవేట:
సగంస్టాప్ గారూ, మీ అనుమానం నిజమే, సిగ్గుగా ఉంది. నెట్‌లో దొరికిన క్లాసిక్ నెగటివ్ రెసిపీ (సెట్టింగుల జాబితా) ఒకటి ఎప్పుడో నా కెమెరాలో సేవ్ చేసుకున్నాను, అందులో డీఆర్400 ఉంది. పొద్దున తీసినవి ఐఎస్‌ఓ 640. అద్దె కెమెరాలో ఏమీ మార్చలేదు, డీఆర్100, ఐఎస్‌ఓ 100.

సగంస్టాప్:
అదీ సంగతి. డీఆర్400 అంటే హైలైట్లు కాపాడటానికి కెమెరా రెండు స్టాపులు తక్కువగా తీసి, మిగతాదంతా తర్వాత పైకి లాగుతుంది. అందుకే ఎక్స్-ఎస్10లో 160తో మొదలయ్యే ఐఎస్‌ఓ, డీఆర్400 పెట్టగానే 640 కంటే కిందికి దిగదు. ఎండలో తెల్ల గోడలు తీసేటప్పుడు అది బంగారం, కిటికీ పక్కన మెత్తటి వెలుతురులో దాని అవసరమే లేదు. 100కీ 640కీ మధ్య రెండున్నర స్టాపులకి పైనే, దాని మీద సైజు వల్ల ఇంకో రెండు. నాలుగున్నర స్టాపుల తేడా పెట్టి పోల్చారు, మీ కెమెరా ఆ మాత్రం నిలబడినందుకు దాన్నోసారి తట్టండి.

నీడలవేట:
మళ్లీ తీశాను. రెండూ డీఆర్100, ఐఎస్‌ఓ 200, 5500 కెల్విన్, ఎఫ్ 4, షట్టర్ ఒకటే, మధ్యలో రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆకుపచ్చ పూర్తిగా పోయింది. రెండింటినీ స్క్రీన్ సైజుకి తగ్గించి పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పకుండా చెల్లికి చూపిస్తే మూడింట్లో రెండుసార్లు తప్పు చెప్పింది. వంద శాతం జూమ్‌లో మాత్రం ఒప్పుకోవాలి, పెద్దదాంట్లో కనుబొమ్మల దగ్గర వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. నీడని రెండు స్టాపులు పైకి లాగినా మెడ దగ్గర చర్మం శుభ్రంగానే ఉంది, నా దాంట్లో చుక్కలు లేచాయి.

కొనడం ప్రస్తుతానికి వాయిదా. రేపు సాయంత్రం దాకా కెమెరా ఉంది కాబట్టి ఐదువేలకెల్విన్ గారు చెప్పినట్టు బల్బు కింద కూడా చూద్దామనుకున్నాను, చెల్లి ఇంక కూర్చోనంది. మిగతా టెస్టులు పూలకుండీ మీదే.