వరంగల్ చెరువుల్లో ఫైటోప్లాంక్టన్ పరిశోధన: నెట్ ఒక్కటే సరిపోతుందా?

హన్మకొండ_బాటనీ:
అందరికీ నమస్తే. బాటనీలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం. మన చుట్టుపక్కల చెరువుల్లో వృక్ష ప్లవకాల (ఫైటోప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచులు) వైవిధ్యం మీద పని. ఊరి మధ్యలో ఉందని భద్రకాళి, అడవిలో ఉందని పాకాల అనుకున్నాను. నెలనెలా శాంపిల్, ఏడాది పాటు. డిపార్ట్‌మెంట్‌లో 25 మైక్రాన్ల కన్నులున్న ప్లాంక్టన్ నెట్ (ప్లవకాలను వడకట్టే వల) ఒకటి ఉంది. సీనియర్లంతా దానితోనే కానిచ్చారట. ఇంకేమైనా కావాలా?

మత్తడి:
భద్రకాళి ఖాయం చేసుకునే ముందు ఒక సంగతి. 2024 చివర్లో ఆ చెరువును ఖాళీ చేశారు, తర్వాత పూడిక తీయడం మొదలుపెట్టారు. మైక్రోసిస్టిస్ లాంటి నీలి ఆకుపచ్చ నాచులు కాలం కలిసిరానప్పుడు అడుగు బురదలో ఉండిపోయి, తర్వాత మళ్లీ పైకి వస్తాయి. ఆ బురదనే ఎత్తిపోశాక, పాత థీసిస్ జాబితా పక్కన మీ జాబితా పెట్టి వైవిధ్యం పెరిగిందనో తగ్గిందనో రాయడం కుదరదు. పూడిక తీశాక ఏమేం వచ్చాయి అన్నదే మీ ప్రశ్న అయితే మాత్రం అంతకన్నా మంచి చెరువు దొరకదు.

పాకాల గణపతిదేవుడి కాలం నాటిది. కట్ట మీద నిలబడి చూసి వస్తే ఎవరూ ఏమీ అనరు. కానీ అది అభయారణ్యం. సీసాలు పట్టుకుని నీళ్లలోకి దిగాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. దరఖాస్తు ఇప్పుడే పెట్టండి. కాగితం రాక వానాకాలం దాటిపోతే ఆ ఏడాది లెక్కలో లేనట్టే.

డయాటమ్_అక్క:
తమ్ముడూ, అసలు విషయానికి వస్తా. నెట్‌తో మాత్రమే చేస్తే నీకు వచ్చేది చెరువు వైవిధ్యం కాదు, నెట్‌లో నిలిచినవాటి వైవిధ్యం. 25 మైక్రాన్ల కన్నుల్లోంచి క్లోరెల్లా, క్రిప్టోమోనాస్, చిన్న సైక్లోటెల్లాల్లాంటి ఒంటికణం నాచులు హాయిగా జారిపోతాయి. పెద్ద కాలనీలు, పొడుగు తంతువులు మిగులుతాయి. నిజానికి చాలాసార్లు సంఖ్యలో ఎక్కువుండేవి ఆ జారిపోయేవే. దాని మీద షానన్ ఇండెక్స్ (వైవిధ్యాన్ని ఒక అంకెలో చెప్పే కొలమానం) మూడు దశాంశాల దాకా లెక్కకట్టి టేబుల్ వేస్తారు. నాకు నవ్వొస్తుంది, ఏం చేయను!

లెక్కపెట్టడానికి నీళ్లు సీసాతో ముంచి తీసుకో. లీటరు నీళ్లలో లూగాల్ అయోడిన్ (శాంపిల్ పాడవకుండా ఉంచే మందు) పల్చటి టీ రంగు వచ్చేదాకా వెయ్యి, రెండు రోజులు కదపకుండా చీకట్లో పెట్టు, పైనీరు సన్నటి గొట్టంతో మెల్లగా లాగెయ్. అడుగున మిగిలినదాన్ని సెడ్జ్‌విక్ రాఫ్టర్ సెల్‌లో చూడు. ఆ గాజు పలకలో సరిగ్గా 1 మిల్లీలీటరు పడుతుంది కాబట్టి లీటరుకు ఎన్నో తేల్చడం తేలిక. మరీ చిన్నవాటికి అందులో ఎక్కువ పవర్ లెన్స్ ఆనదు, వాటికి హీమోసైటోమీటర్ (రక్తకణాలు లెక్కపెట్టే గళ్ల స్లైడ్) వాడు. నెట్ శాంపిల్ జాతుల జాబితా కోసం మాత్రమే.

కాజీపేట_జంక్షన్:
అక్కా, మీరు చెప్పింది కరెక్టే కానీ మన దగ్గర పాత పనులు ఎక్కువగా నెట్‌తోనే చేసినవి. ఈయన సీసాతో చేస్తే దేనితో పోల్చుకుంటాడు? గైడ్ అడిగే మొదటి ప్రశ్న అదే.

డయాటమ్_అక్క:
రెండూ చెయ్యమనే అంటున్నా. టేబుళ్లు వేరు, లెక్కలు వేరు. రెండింటినీ ఒకే టేబుల్లో కలిపితే మాత్రం వైవాలో దొరికిపోతాడు.

ఇంకోటి. ప్రతిసారీ కొంచెం నీళ్లు మందు వెయ్యకుండా తెచ్చుకుని ఆరోజే చూడాలి. లూగాల్ పడితే యూగ్లీనా లాంటి ఈదే ఒంటికణం జీవి ముడుచుకుపోయి గుండ్రటి ఉండ అవుతుంది, ఏ జాతో చెప్పలేం. బతికున్నప్పుడు చూస్తే దాని ఎర్రటి కంటిచుక్క, ఒళ్లు సాగదీసుకుంటూ పాకడం కనిపిస్తాయి. మైక్రోసిస్టిస్ అయితే కణాల లోపలి గాలి బుడగల వల్ల నల్లగా మెరుస్తుంది. అనుమానమొస్తే ఆ నీటిని గాజు సీసాలో పోసి కిటికీలో పెట్టి చూడు. మైక్రోసిస్టిస్ ఎక్కువుంటే కాసేపట్లో పచ్చటి పొర పైకి తేలుతుంది. డయాటమ్‌లు (ఇసుక లాంటి గట్టి సిలికా గోడ ఉన్న నాచులు) అడుగుకు దిగుతాయి.

చెరువుగట్టు_చేపలు:
మాది మత్స్య సొసైటీ, సైన్సు తెలియదు. అన్నా, గట్టు మీద నుంచి నీళ్లు ముంచుకుపోయే పిల్లలను చాలామందిని చూశాను. గాలి ఇటు కొడితే పాచి అంతా కట్టకే చేరుతుంది, నడిమధ్యలో నీళ్లు వేరుగా ఉంటాయి. తెప్ప మీద లోపలికి పోవాలి. పొద్దున ఒక తీరు, ఎండెక్కినాక ఒక తీరు.

మత్తడి:
పైన ఆయన చెప్పింది ప్రింట్ తీసి ల్యాబ్‌లో అంటించుకోండి. పాయింట్లు, టైము మొదటి నెలలోనే ఖాయం చేసుకుని ఏడాదంతా అవే పాటించాలి. బతుకమ్మ, నిమజ్జనం తేదీలు కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి. పూలు, విగ్రహాలు పడిన వారం తీసిన శాంపిల్‌ను మామూలు నెలదిగా చూపించకూడదు.

హన్మకొండ_బాటనీ:
చాలా థాంక్స్ అందరికీ. నాచులను బట్టి నీటి కాలుష్యాన్ని అంచనా వేసే పామర్ ఇండెక్స్ సంగతేంటి? స్కోరు 20 దాటితే చెరువు కలుషితం అని రాసేయొచ్చా?

కాజీపేట_జంక్షన్:
పామర్ 1969లో ఇచ్చిన పట్టిక అది. 20 ప్రజాతులకు (జీనస్‌లకు) మార్కులు: యూగ్లీనా, ఆసిలటోరియాలకు చెరో 5, క్లామిడోమోనాస్, సీనిడెస్మస్‌లకు చెరో 4, అలా. మొత్తం 20 లేదా ఎక్కువ వస్తే సేంద్రియ కాలుష్యం ఎక్కువ, 15 నుంచి 19 అయితే ఉండొచ్చు. అందరూ మర్చిపోయే షరతు ఏంటంటే, మిల్లీలీటరుకు 50 అయినా ఉంటేనే ఆ ప్రజాతి ఉన్నట్టు లెక్క. మనవాళ్లు స్లైడ్ మీద ఒక్కటి కనిపించగానే టిక్ పెట్టేస్తారు. అలా పెడితే పాకాల కూడా మురికి చెరువే అవుతుంది.

డయాటమ్_అక్క:
పేర్లు కూడా చూసుకో. దేశికాచారి గారి 1959 నాటి నీలి ఆకుపచ్చ నాచుల పుస్తకం ఇప్పటికీ బల్ల మీద ఉండాల్సిందే, గుర్తుపట్టడానికి. పేరు రాసే ముందు మాత్రం ఆల్గేబేస్‌లో (నాచుల పేర్ల ఆన్‌లైన్ డేటాబేస్) వెతుకు. నీళ్లలో తేలే అనబీనాలు చాలావరకు డాలికోస్పెర్మమ్‌లోకి వెళ్లాయి, సైనెడ్రా అల్నా ఇప్పుడు అల్నేరియా. పాత పేరు ఒక వరుసలో, కొత్త పేరు ఇంకో వరుసలో రాసి జాతుల సంఖ్య పెంచుకున్న టేబుళ్లు నేను చూశాను.

హన్మకొండ_బాటనీ:
భద్రకాళి వదిలి ధర్మసాగర్ తీసుకుంటే?

మత్తడి:
దానికి దేవాదుల ఎత్తిపోతల పథకం నుంచి గోదావరి నీళ్లు వస్తాయి. నీళ్లతో పాటు నది ప్లవకాలూ వస్తాయి కదా. పంపులు నడిచిన రోజులు తెలియకుండా చేస్తే అది చెరువు కథో నది కథో తేలదు. ఆ రోజుల లెక్క సంపాదించగలిగితే తీసుకోండి. లేదంటే వడ్డేపల్లి చూడండి, మీకు దగ్గర కూడా. అక్కడా బయటి నీళ్లు వదులుతారేమో ముందే కనుక్కోండి.

హన్మకొండ_బాటనీ:
అయితే వడ్డేపల్లి, పాకాల. పాకాల దరఖాస్తు సోమవారం గైడ్ గారి సంతకానికి పెడతాను. వడ్డేపల్లిలో తెప్ప ఎవరైనా మాట్లాడిపెడతారా?

చెరువుగట్టు_చేపలు:
అక్కడ మావాళ్లు ఉన్నారు, నేను చెప్తా. ఆరుకల్లా కట్ట మీద ఉండు తమ్మీ, వలలు ఎత్తడానికి పోతూ ఎక్కించుకుంటారు. ఈత రాకపోతే ముందే చెప్పు, ట్యూబ్ తెమ్మంటా.