అడవి పిల్లుల కథలో నాటువైద్యం: మన పసర్లు పిల్లులకు పెట్టొచ్చా?

మొగలిపొద:
సోంపేట బీల (చిత్తడి నేల) అంచున, మొగలి పొదల్లో బతికే అడవి పిల్లుల తెగ గురించి పిల్లల కథ ఒకటి తయారవుతోంది. తెగకు వైద్యం చేసేది బూడిదమ్మ అనే ముసలి పిల్లి. ఇప్పటికి ఆమె మందులు ఇవీ. గాయానికి అడవి పసుపు, గాయపాకు నూరి కట్టు. కడుపులో పురుగులకు వెల్లుల్లి, వాము. జ్వరానికి తులసి పసరు తేనెలో. పాము కరిస్తే ఈశ్వరి వేరు. పిల్లను పోగొట్టుకున్న తల్లి దిగులుకు కుప్పింటాకు వేరు. ఇవన్నీ మన ఊళ్లలో మనుషులకో పశువులకో వాడేవే. కథలో పిల్లులకు పెడితే తప్పేమైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గోస్తనీ గట్టు:
తప్పుంది. చివరిది తప్ప మిగతా జాబితా అంతా మనిషి ఒంటికి సరిపోయేది, పిల్లి ఒంటికి కాదు.

వాములో థైమాల్, తులసిలో, లవంగంలో యూజినాల్ ఉంటాయి. రెండూ ఫినాల్ జాతి పదార్థాలు. మన కాలేయం ఇలాంటి వాటికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీటిలో కరిగేలా చేసి మూత్రంలో పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైనదాని జన్యువు పిల్లిలో చెడిపోయి ఉంది. అందుకే మందు బయటికి పోక ఒంట్లోనే తిరుగుతూ ఉంటుంది. మనిషిలో మామూలు మోతాదు ఆస్పిరిన్ కొన్ని గంటల్లో సగమైపోతుంది. పిల్లిలో అందుకు ఒక రోజు పడుతుంది, మోతాదు పెరిగితే రెండు రోజులకు దగ్గరపడుతుంది. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయడానికి కూడా మూలం ఇదే.

వెల్లుల్లి సంగతి వేరు. ఉల్లి జాతిలోని గంధకపు పదార్థాలు ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పిల్లికి కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు, రక్తం విరగడం మొదలవుతుంది. 5 కిలోల అడవి పిల్లికి అది 25 గ్రాములు, అంటే చిన్న ఉల్లిపాయలో సగం. వెల్లుల్లికి అంత కూడా అక్కర్లేదు. వెంటనే ఏమీ కనబడదు. రెండు మూడు రోజులు గడిచాక చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ఎర్రగా వస్తుంది, పిల్లి కదలకుండా పడుకుంటుంది. బూడిదమ్మ పురుగుల మందు ఇచ్చి నాలుగో రోజుకి తెగలో సగం పిల్లల్ని పోగొట్టుకుంటుందన్నమాట.

నాటుమందు మందస:
గోస్తనీ గట్టు గారూ, మీరు చెప్పిన కాలేయం సంగతి ఇంటి పిల్లి మీద తెలిసిన విషయం. కొండల్లో తరతరాలుగా రకరకాల ఆకులు కొరికిన అడవి పిల్లికీ అదే వర్తిస్తుందని ఎలా అంటారు? పైగా ఇది కథ. మాట్లాడే పిల్లుల్ని ఒప్పుకున్నవాళ్లం వాము తినే పిల్లిని ఒప్పుకోలేమా? మన మహేంద్రగిరి చుట్టుపక్కల సవరలు, జాతాపులు పశువులకు ఏ ఆకు దేనికి వాడతారో పిల్లలకు ఇలాంటి కథల్లోనే కాస్త తెలుస్తుంది. అది కూడా తీసేస్తే ఏటి మిగుల్తుంది?

గోస్తనీ గట్టు:
అడవి పిల్లికీ వర్తిస్తుంది. 2011లో వచ్చిన పరిశోధనలో సింహం, చీతాతో సహా పరీక్షించిన పిల్లి జాతులన్నింటిలోనూ ఆ జన్యువు చెడిపోయే కనబడింది. మాంసం మాత్రమే తినే జంతువుకు ఆకుల్లోని విషాలను విరిచే పనిముట్టు అక్కర్లేక పోయింది. మేక ఎన్నో ఆకులు తట్టుకుంటుంది. పిల్లి తట్టుకోలేదు. పశువుల మందు పిల్లికి దింపకూడదనేది అందుకే. ఆవుకు పెట్టేది తూకం తగ్గించి పిల్లికి పెడితే సరిపోతుందనుకోవడమే ఇక్కడ అసలు పొరపాటు.

తేనె గురించి కూడా ఒక మాట. పిల్లికి తీపి తెలియదు. తీపిని పట్టే గ్రాహకంలో సగభాగం జన్యువు పనిచేయదని 2005లో తేలింది, పులిలోనూ చీతాలోనూ అదే కథ. చేదు మాత్రం బాగా తెలుస్తుంది. నేలవేము పసరు తేనెలో ఇచ్చినా పిల్లి నోట్లోంచి నురగ కారుస్తుంది, తల విదిలిస్తుంది. తేనె బదులు చేప నూనె, చేప తల నలిపిన నీళ్లు అనండి. బీల పక్కన అవి దొరక్కపోవు.

గరికపోచ:
కాలేయం దాకా ఎందుకు, నోటి దగ్గరే ఆగుదాం. "నూరి కట్టు" అన్నారు. పిల్లి నూరలేదు. దాని దవడ పైకీ కిందికీ మాత్రమే ఆడుతుంది, మనలాగ పక్కలకు తిరగదు. 30 పళ్లున్నా నమలడానికి బల్లపరుపు దంతం ఒక్కటీ లేదు. పక్కపళ్లు కత్తెరలాగ మాంసాన్ని కోయడానికే. ఆకు నోట్లో పెట్టుకుంటే ముక్కలు చేయగలదు, ముద్ద చేయలేదు. ముక్కలు చేస్తుండగా పసరు సగం గొంతు దిగుతుంది. అంటే రోజుకు నలుగురికి కట్టు కట్టే బూడిదమ్మే అందరికంటే ముందు పోతుంది.

రెండోది, కట్టు నిలవదు. మేలుకొని ఉన్న పిల్లి మాటిమాటికీ ఒళ్లు నాకుతుంది. నాలుక మీద లోపలికి వంగిన ముళ్లుంటాయి, చర్మం మీద ఏం పూసినా దువ్వెనతో లాగినట్టు లాగి మింగేస్తుంది. కాబట్టి పిల్లి విషయంలో పైపూత మందు, లోపలి మందు అని రెండు లేవు. పూసిందంతా తిన్నట్టే. కలబంద చూడండి. మధ్యలోని గుజ్జు వల్ల పెద్ద హాని లేదు, తొక్క కింద ఉండే పసుపు సొన విరేచనాలు పట్టిస్తుంది. మనిషైతే మట్ట కోసి నిలబెట్టి సొన కారిపోయాక గుజ్జు తీస్తాడు. పిల్లి మట్ట కొరికితే మొదట నోటికొచ్చేది ఆ సొనే.

మొగలిపొద:
గాయానికి ఏం చేయాలి మరి? కథలో పెద్ద ఘట్టం అదే. పక్క తెగతో పోట్లాటలో కుర్ర పిల్లికి భుజం మీద కాటు పడుతుంది.

గోస్తనీ గట్టు:
మంచి ఘట్టం, దాన్ని సరిగ్గా రాయండి. పిల్లి కోరపల్లు సూదిలాంటిది. పైన గింజంత చిల్లు, లోపల లోతు. ఆ నోట్లోని పాస్చురెల్లా లాంటి సూక్ష్మజీవులు అడుగున చేరతాయి. పైచర్మం ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుపోతుంది. రెండు నుంచి నాలుగు రోజుల్లో అక్కడ వేడిగా, మెత్తగా వాపు తేలుతుంది, జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది. అదే చీముగడ్డ. ఇప్పుడు అడవి పసుపు, గాయపాకు ముద్ద పెట్టి ఆ చిల్లు మూసేశారనుకోండి, చీము బయటికి దారి లేక కండలోకి పోతుంది. పసుపు విషమని కాదు నా మాట. మూయకూడని గాయాన్ని మూయడం తప్పు. గాయపాకు రక్తం కారే పైపై గీతకు పనికొస్తుంది, కోరకాటుకు కాదు.

బూడిదమ్మ చేయాల్సింది చిల్లును తెరిచి ఉంచడం. రోజుకు మూడు నాలుగు సార్లు నాకి పొక్కు ఊడదీయాలి, పారే నీటిలో భుజం తడిపించాలి, చీము కారేదాకా చర్మం మళ్లీ అతుక్కోనివ్వకూడదు. ఇంట్లో పిల్లికైతే ఇదే పనికి ఉప్పునీరు. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 4.5 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాకు కొంచెం తక్కువ. అంతకన్నా ఎక్కువ వేస్తే మండుతుంది, పిల్లి రెండోసారి దగ్గరికి రానివ్వదు. జ్వరముంటే బేగి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఇంట్లో ఆగకూడదు.

నాటుమందు మందస:
కాటు విషయం ఒప్పుకుంటాను. మూయకూడని పుండు మూయొద్దని పశువుల్ని చూసే పెద్దలూ అంటారు. కానీ మొక్క అనేదే లేకుండా వైద్యురాలిని నిలబెడితే ఆమె చేతిలో ఏముంటుంది? నూరక్కర్లేని దారి ఒకటి చెబుతాను. మందస కొండల్లో కరక్కాయ చెట్ల కింద గెడ్డ (కొండవాగు) బండల మధ్య చిన్న గుంటలుంటాయి. చలికాలం చివర కాయలు రాలి అందులో నానతాయి. నీళ్లు ముందు తేనెరంగు, తర్వాత ముదురు గోధుమ రంగు తిరుగుతాయి. ఇనుము ఉన్న రాతిగుంటైతే సిరాలాగ నల్లబడతాయి. అది తోలు ఊనే వగరు. ముల్లు గుచ్చుకుని చీరుకుపోయిన అరికాలికి ఆ వగరునీరు చర్మాన్ని బిగదీస్తుంది, రసి కారడం తగ్గిస్తుంది. పిల్లి నూరక్కర్లేదు, కట్టు కట్టక్కర్లేదు, గుంటలో నిలబడితే చాలు. ఆ వగరుకు కాలు నాకడం కూడా తగ్గిస్తుంది.

గరికపోచ:
ఇది నాకు నచ్చింది. ఇదే పిల్లి వైద్యం! రెండు జాగ్రత్తలు రాయండి. నీరు తేనెరంగులో ఉన్నప్పుడే, నల్లబడ్డాక వద్దు, వగరు ఎక్కువ మింగితే కాలేయానికీ మూత్రపిండాలకూ చేటు. గుంటలో పాకుడు పట్టి ఉంటే పారే గెడ్డలో కడిగాకే అందులోకి దిగాలి.

చీపురుపల్లి చదువరి:
చదివేది పిల్లలని మరచిపోవద్దు. ఎనిమిదేళ్ల పాప బూడిదమ్మను ప్రేమించిందంటే, మర్నాడు ఇంట్లో పిల్లికి వాము నీళ్లు పోస్తుంది. మనిషి మందు మనిషికి చెప్పిన కథలో ఈ భయం లేదు, ఎందుకంటే ఆ పాప తన మీద ప్రయత్నించే ముందు అమ్మ చూస్తుంది. పిల్లికి ఏం పోసిందో ఎవరూ చూడరు.

ఈశ్వరి వేరైతే పూర్తిగా తీసేయాలి. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను చెడగొడుతుంది, క్యాన్సర్ తెస్తుంది. ఉద్దానం జబ్బుకూ ఈ వేరుకూ ముడిపెట్టడం లేదు. కానీ మూత్రపిండాల జబ్బుతో ఇన్ని ఇళ్లు కుంగిన నేల మీద కథ నడుపుతూ ఆ వేరును ప్రాణదాతగా చూపించలేం. పాముకాటుకు ఏ ఆకూ లేదని బూడిదమ్మ నోటే అనిపించండి.

నాటుమందు మందస:
అనిపించండి, కాని ఇంకో దారి కూడా ఉంది. తెగ పెద్దలు ఆ వేరును నమ్ముతారు, బూడిదమ్మ గురువు అదే పెట్టేది, పిల్లి దక్కదు. కథలో ఓడిపోయే మందుకూ చోటుండాలి. ప్రతి మొక్కనూ ముందే వడగట్టి రాస్తే వైద్యురాలు నేర్చుకునేది ఏమీ ఉండదు. నేను ఈ మాట దగ్గర వెనక్కి తగ్గను.

చీపురుపల్లి చదువరి:
ఓడిపోయినట్టు స్పష్టంగా, అదే అధ్యాయంలో కనబడితే నాకు అభ్యంతరం లేదు. నాలుగు అధ్యాయాల తర్వాత తెలిసేలా అయితే ఉంది.

గరికపోచ:
కుప్పింటాకు సంగతి ఎవరూ విప్పలేదు. వానలు తగ్గాక పెరట్లో ఈ మొక్కను వేరుతో పీకి పడేసి చూడండి. పిల్లి వచ్చి ఆకును వదిలేసి వేరు దగ్గరే ముక్కు పెడుతుంది, బుగ్గ రాస్తుంది, వేరు మీద వెల్లకిలా పొర్లుతుంది, చొంగ కారుస్తుంది. కాసేపటికి అదే వేరు పక్కనున్నా పట్టించుకోకుండా లేచిపోతుంది. కాబట్టి అది దిగులు పోగొట్టే మందు కాదు, కొద్ది నిమిషాల మరపు. తల్లి పిల్లి లేచిన తర్వాత పొద అంతే ఖాళీగా ఉంటుంది. రాయాల్సింది అక్కడ.

పొర్లడానికి ఇంకో లాభం ఉండొచ్చు. పిల్లుల్ని ఇలాగే ఆకర్షించే ఒక తీగ ఆకు మీద జపాన్ పరిశోధకులు 2021లో పని ప్రచురించారు. ఆకుకు ఒళ్లు రాసుకున్న పిల్లుల మీద దోమలు తక్కువ వాలాయి. అది మన కుప్పింటాకు మీద చేసిన పని కాదు, కాని బీల దోమల మధ్య ఉండే తెగ ఇలాంటిదేదో కనిపెట్టిందని కథలో అనుకోవచ్చు. తినిపించవద్దు, ఆ మొక్కలో సయనైడ్ వదిలే పదార్థం ఉంది. పొర్లడం వరకే.

మొగలిపొద:
జాబితా మార్చాను. వెల్లుల్లి, వాము, తులసి, తేనె పోయాయి. కోరకాటుకు తెరిచి ఉంచడం, ముల్లు గాయానికి కరక్కాయ గుంట, దోమలకు కుప్పింటాకు వేరు. ఈశ్వరి వేరు ఒకే అధ్యాయంలో, ఓడిపోతూ. గాయపాకు కూడా పూర్తిగా తీసేయాల్సి వస్తోంది. అది అమెరికా నుంచి వచ్చిన మొక్క, నా కథ అంతకు ముందు కాలంలో నడుస్తుంది. పురుగులకు మాత్రం ఏదీ మిగల్లేదు. దర్భ తినిపిస్తే వాంతి అవుతుందని రాయనా?

గరికపోచ:
దర్భ వద్దు. అంచు రంపంలా ఉంటుంది, కక్కేటప్పుడు పోచ అంగిలి వెనక నుంచి ముక్కులోకి ఎక్కి ఇరుక్కుంటుంది. రోజుల తరబడి తుమ్ములు, ఒక్క ముక్కులోంచే చీమిడి. లేత గరిక రాయండి, వాన పడిన నాలుగైదు రోజులకు గట్టు మీద వేలెడు పొడవున్నది. పురుగులు చస్తాయని మాత్రం రాయకండి. అడవి పిల్లుల రెట్టలో గడ్డిపోచలు కనబడటం మామూలే, పేగులో ఉన్నవాటిని కొన్నిటిని ఈడ్చుకుపోతుందేమో అనేంతవరకే. మింగిన పోచ నమలకుండా నిలువునా పోవాలి, అందుకని బూడిదమ్మ దాన్ని కొరికి పెట్టకూడదు. పిల్ల తనే గట్టుకెళ్లి తినాలి.