‘మొన్న’ అంటే ఎంత దూరం?

ప్రశ్న (తిరుపతి నుంచి)

సభ్యులకు నమస్కారం. మా అవ్వకు 70 ఏళ్లు. పోయిన ఆదివారం చింతపండులో గింజలు తీస్తూ, “మొన్న గంగ జాతరకు మీ నాయన మాతంగి వేషం కట్టినాడు గదా, ఆ పొద్దు నువ్వు చూసింటే తెలుస్తుండె” అన్నది. నాయన ఆ వేషం (మా ఊరి గంగమ్మ జాతరలో మగవాళ్లు మొక్కుగా కట్టే ఆడవేషం) కట్టినది తన 16వ ఏట. ఇప్పుడు ఆయనకు 47. నేను అప్పటికి పుట్టనే లేదు. అవ్వ పక్కనే కూర్చుని ఆ గింజలతో ఆడుకుంటున్న మా అక్క కూతురికి ఏడేళ్లు. పోయిన మే నెలలో జాతరకు ఆ పిల్లకు ఒళ్లంతా నామంసుద్ద పూసి, చేతికి వేపమండ ఇచ్చి బైరాగి వేషం వేయించాము. ఆ సంగతి గుర్తు చేస్తే, “అదా, ఎప్పుడో కదా!” అన్నది. ఆరు నెలలు పిల్లకు ‘ఎప్పుడో’ అయినాయి, 31 ఏళ్లు అవ్వకు ‘మొన్న’ అయినాయి. నిఘంటువు చూస్తే ‘మొన్న’కు నిన్నటి ముందు రోజు అని ఉన్నది. అవ్వది తప్పు ప్రయోగమనాలా?

జవాబు (చిత్తూరు నుంచి)

తప్పు అనడానికి వీలులేదు. ‘మొన్న’కు ‘మును’, ‘మునుపు’, ‘మున్ను’ అనే మాటలతో చుట్టరికం ఉంది. మన పొరుగున కన్నడంలో దీన్నే ‘మొన్నె’ అంటారు, తమిళంలో ‘మున్’ అంటే ముందు. ఆ మాట మూలంలో ఉన్నది ‘ముందు’ అనే భావమే తప్ప ఎన్ని రోజుల ముందు అనే లెక్క కాదు. ఆ లెక్కను వాడుక తెచ్చిపెట్టింది, ‘నిన్న’తో జత కట్టి ‘నిన్నమొన్న’ అయినప్పుడు అదే వాడుక దాన్ని సడలించింది కూడా. “నిన్నమొన్నటి పిల్లవాడు” అంటే రెండు రోజుల పసికందు అని ఎవరూ అనుకోరు. కచ్చితంగా రోజు చెప్పవలసి వస్తే మనవాళ్లు “మొన్న మంగళవారం” అని వారం పేరు చేరుస్తారు, లేదా ‘అటుమొన్న’ అని మరొక రోజు వెనక్కి వెళతారు. (అప్పు తీర్చిన తేదీ అడిగినప్పుడు మాత్రం ‘మొన్న’ అనేవారిని నమ్మకండి.)

అయితే మీ ప్రశ్నలో వ్యాకరణం కంటే పెద్ద సంగతి ఉంది. అదే మాట వయసుతో పాటు సాగుతూ పోవడం ఎందుకు? ఫ్రెంచి తత్త్వవేత్త పాల్ జానె 1877లో దీనికొక లెక్క చెప్పాడు. గడచిన ఏడాదిని మనిషి తాను బతికిన మొత్తం కాలంతో పోల్చి చూసుకుంటాడన్నది ఆయన ఊహ. మీ ఇంటి లెక్కే వేసి చూద్దాము: జాతర నుంచి జాతరకు పట్టే కాలం మీ మేనకోడలి బతుకులో ఏడో వంతు, మీ అవ్వ బతుకులో డెబ్బయ్యో వంతు, కాబట్టి పిల్లకు ఒక ఏడు ఎంతో అవ్వకు పదేళ్లు అంత. వినడానికి ముచ్చటగా ఉంటుంది కానీ, ఈ లెక్క నిజమైతే అవ్వకు ఒక మధ్యాహ్నం కూడా పిల్లకు తోచేదానిలో పదో వంతే తోచాలి. కరెంటు పోయి, ఫ్యాను ఆగి, ఇంట్లో ఎవరూ లేని మే నెల మధ్యాహ్నం ముసలివాళ్లకు ఎంత పొడుగో మనకు తెలియనిది కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లో జానె మాటను ప్రస్తావించి, అది జరిగేదాన్ని వర్ణిస్తున్నదే గానీ కారణం చెప్పడం లేదని తేల్చాడు. ఏళ్లు కురచబడడానికి కారణం జ్ఞాపకాల్లో కొత్తదనం తగ్గిపోయి ఒక రోజు మరొక రోజులో కలిసిపోవడమేనని ఆయన అభిప్రాయం. నాకు ఇదే సరి అనిపిస్తుంది.

తెలుగు ఈ తేడాను ఎప్పుడో గుర్తించినట్టుంది. ఇంట్లో ఊరికే కూర్చున్న పెద్దవారు “పొద్దు పోవడం లేదు” అంటారు. “ఏడాది పోవడం లేదు” అన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఏడాది ‘గిర్రున తిరుగుతుంది’, ‘ఇట్టే గడిచిపోతుంది’. (‘గడవడం’ కష్టమంటే అది డబ్బు సంగతి, కాలం సంగతి కాదు.) పొద్దును మనం జరుగుతుండగా కొలుస్తాము. గోడ గడియారం వైపు ఎన్నిసార్లు చూస్తే అది అంత సాగుతుంది. ఏడాదిని మాత్రం అయిపోయిన తరువాత వెనక్కి తిరిగి కొలుస్తాము, అప్పుడు చేతికి తగిలేవి అందులో మిగిలిన గుర్తులే. పనీపాటా లేని రోజు జరుగుతుండగా పొడుగు, తలచుకుంటే పొట్టి. ఒకే ముసలాయన నోట ఈ రెండు మాటలూ ఒకే పూట రావడంలో వైరుధ్యం లేనట్టే. 2020 మార్చి 20 నుంచి జూన్ మొదటి వారం దాటేదాకా తిరుమలలో భక్తులకు దర్శనం లేని ఆ రోజులను తిరుపతివారు తలచుకుంటే సంగతి తెలుస్తుంది. అప్పుడు ఒక్కొక్క రోజు యుగంలా నడిచింది, ఇప్పుడేమో “మొన్న కరోనాలో” అని ఒక్క మాటలో దాటేస్తున్నాము.

నా అనుభవం ఒకటి చెబుతాను. పదేళ్ల వయసులో మొదటిసారి అలిపిరి నుంచి కొండకు నడిచాను. మెట్లు 3,550. నాకు ఆ రోజు రోజంతా ముక్కముక్కలుగా గుర్తుంది: ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ పోతున్న ఒక పెద్దావిడ వేళ్లు, గాలిగోపురం కింద తిన్న ఉప్పుకారం చల్లిన మామిడి ముక్క, మోకాళ్ల పర్వతం దగ్గర నాయన నన్ను దించి “ఇంక నువ్వే ఎక్కాల” అన్న మాట. ఆ తరువాత ఇరవైసార్లకు పైగా ఎక్కి ఉంటాను. ఆ ఇరవై నడకలూ కలిపి నాకిప్పుడు ఒక్క నడకగానే ఉన్నాయి. మెట్లు ఒక్కటీ తగ్గలేదు, నా అడుగులు ఇప్పుడు నెమ్మదించాయి కూడా. అయినా తలపులో ఆ మొదటి ఎక్కుడే పొడుగు.

గుర్తులు లేని కాలం ఎంత కురచబడుతుందో చూపిన ఉదాహరణ ఒకటి ఉంది. ఫ్రాన్సుకు చెందిన మిషెల్ సిఫ్రె 1962లో, 23 ఏళ్ల వయసులో, గడియారం లేకుండా ఆల్ప్స్ కొండల్లోని ఒక గుహలో రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. పైకి వచ్చిన రోజు సెప్టెంబరు 14. ఆయన లెక్కలో అది ఆగస్టు 20. చీకటిలో ఒకే తీరున గడచిన రోజుల్లో 25 రోజులు లెక్కకే రాకుండా పోయాయి. వయసుతో పని లేకుండానే ఇంత తేడా వచ్చినప్పుడు, ముప్పై ఏళ్లు ఒకే వీధి, ఒకే పని, ఒకే వంటగది అయినవారి సంగతి వేరే చెప్పాలా? 2005లో మార్క్ విట్‌మన్, సాండ్రా లెన్‌హాఫ్ అనే పరిశోధకులు 14 నుంచి 94 ఏళ్ల మధ్య వయసున్న 499 మందిని కాలం ఎంత వేగంగా నడచినట్టుందని అడిగారు. పోయిన వారం, నెల, ఏడాది గురించి చిన్నవారికీ పెద్దవారికీ పెద్ద తేడా కనబడలేదు. పోయిన పదేళ్ల గురించి అడిగినప్పుడే వయసు తేడా తేలింది.

అభ్యంతరం (పుత్తూరు నుంచి)

అయ్యా, మీరు చెప్పినదంతా మనసు గురించిన శాస్త్రం. భాషలో ఇది వట్టి అతిశయోక్తి కాదా? నెలల తరబడి జరగని పనిని “రేపోమాపో” అంటాము. ‘మొన్న’ కూడా ఆ బాపతే కదా?

జవాబు (చిత్తూరు నుంచి)

ఆ పోలిక నాకూ తట్టింది కానీ నిలవదు. ‘రేపోమాపో’ అని దాటవేసే అలవాటుకు వయసుతో పని లేదు, పదో తరగతి పిల్లవాడూ అంటాడు, ఇల్లు కట్టే మేస్త్రీ అయితే రోజూ అంటాడు. ‘ఎల్లుండి’ని చూడండి. ‘మొన్న’కు సరిగ్గా అద్దంలో ప్రతిబింబం లాంటి మాట అది, అయినా ఎవరి నోటా సాగదు. ఎల్లుండి పెండ్లి అంటే ఎల్లుండే. రాబోయే కాలంలో జ్ఞాపకాలు లేవు గనుక అక్కడ దగ్గరదనం తోచే అవకాశం లేదు, పోయిన కాలంలోనే మాట సాగుతున్నది. పదేళ్ల పిల్లలు మూడేళ్ల నాటి సంగతిని ‘మొన్న’ అనరు, ‘చిన్నప్పుడు’ అంటారు. అతిశయోక్తి అయితే అది వాళ్లకూ రావాలి కదా!

మళ్లీ తిరుపతి నుంచి

మీ మాటలు చదివి నిన్న అవ్వను ఊరికే అడిగాను: “మన తిరుపతి వేరే జిల్లా అయింది ఎప్పుడవ్వా?” అది 2022 ఏప్రిల్ 4. అవ్వ తల ఎత్తకుండానే, “అదెప్పుడో అయింది లేరా” అన్నది. తరువాత 2021 నవంబరు వరదను అడిగాను. వీధిలో నీళ్లు వచ్చి, బియ్యం మూటను మంచం మీదికి ఎత్తినాము. “అది మొన్న గదా” అన్నది. వరద జరిగిన తరువాతే జిల్లా వేరయింది. అవ్వకు వరుస తిరగబడింది. జానె లెక్క ప్రకారమైతే ముందు జరిగినది దూరం, తరువాత జరిగినది దగ్గర కావాలి.

జవాబు (చిత్తూరు నుంచి)

జిల్లా మారడం అవ్వకు కాగితం మీది సంగతి, బియ్యం మూట చేతులతో ఎత్తినది. ఇది చూశాక నిఘంటువులో ‘మొన్న’కు రెండో అర్థం చేర్చడం న్యాయమనిపిస్తున్నది. “చెప్పేవారి తలపులో ఇంకా తడి ఆరని ఏ రోజైనా” అని రాద్దామనుకున్నాను.

పుత్తూరు నుంచి

అది కవిత్వమవుతుంది. “చెప్పేవారికి దగ్గరగా తోచే గతకాలం” అంటే చాలును. పక్కన వాడుక ఉదాహరణగా మాతంగి వేషం వాక్యం వేయండి.